మెరుపు ముందు, తుప్పు వెనుక: ఒక బీటిల్ బంపర్ పునరుద్ధరణ

పనికి వచ్చినది 1960ల తొలినాళ్ల ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ముందు బంపర్. అమెరికా ఎగుమతి రకం కాబట్టి ఒంటి బ్లేడు (అడ్డంగా ఉండే ప్రధాన పట్టీ) కాదు. బ్లేడు, దాని మీద నిలువుగా కొమ్ముల్లా నిలిచే రెండు ఓవర్‌రైడర్లు, వాటికి బిగిసే వంపు గొట్టాలు. 1968 మోడల్ నుంచి కంపెనీ ఈ అమరికను మానేసి బల్లపరుపు ముఖం ఉన్న బరువైన బంపర్లకు మారింది. పాత బీటిల్ ఉన్నవాళ్లకు ఈ ముక్కల మీద అంత మమకారం అందుకే.

యజమాని ఫిర్యాదు సూటిగా ఉంది. ఇంతకుముందు ఒకచోట క్రోమ్ చేయించారు. చేతికి వచ్చిన రోజున ముఖం చూసుకునేలా మెరిసింది. ఏడాది తిరగకముందే ఎర్రటి చుక్కలు మొదలయ్యాయి, తర్వాత కింది అంచు పొడవునా పెచ్చులు లేచాయి. “ఈసారి క్రోమ్ దట్టంగా వేయండి, ఎన్నాళ్లైనా పోకూడదు” అన్నారాయన.

ఈ మాట నేను తరచుగా వింటాను. అలంకరణ కోసం వేసే క్రోమ్ పొర మందం సాధారణంగా 0.3 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. మీటరులో పది లక్షల వంతు ఒక మైక్రాన్. తల వెంట్రుక డెబ్బై మైక్రాన్లు ఉంటుందనుకుంటే, అందులో రెండు వందల వంతు కంటే కొంచెం తక్కువ. మనం క్రోమ్ మెరుపు అనుకునేది నిజానికి కింద ఉన్న నికెల్ మెరుపు. క్రోమ్ దానికి నీలి ఛాయ ఇస్తుంది, మాసిపోకుండా, గీతలు పడకుండా కాపాడుతుంది. దట్టంగా వేస్తే మేలు జరగకపోగా, లోపలి ఒత్తిడికి ఆ పొర తనంతట తానే పగుళ్లిస్తుంది. దట్టంగా ఉండాల్సింది నికెల్. దాని కింద రాగి, రాగి కింద శుభ్రమైన ఉక్కు. ఇంత చెప్పాక యజమాని మరో ప్రశ్న వేశారు: “మరి పోయినసారి ఏది తక్కువైంది?” ఆ ప్రశ్నకు జవాబు తెలియకుండా పూత వేసే తొట్టి దగ్గరికి వెళ్లకూడదు.

రోగం ఎక్కడుంది

పెచ్చు ఎక్కడి నుంచి ఊడిందన్నది మొదట చూడాలి. క్రోమ్ ఒక్కటే లేచి కింద నికెల్ తళతళలాడుతుంటే, క్రోమ్ వేసే ముందు నికెల్ ఉపరితలం చచ్చుబడిందని, అంటే పై పూతను పట్టుకోలేని స్థితికి వచ్చిందని అర్థం. నికెల్ రాగి నుంచి విడిపోతే అడుగున గులాబీ రంగు కనిపిస్తుంది. ఉక్కు దాకా మొత్తం లేస్తే మొదటి శుభ్రతలోనే లోపం. ఊడిన పెచ్చును పట్టకారుతో తిప్పి భూతద్దం కింద పెట్టాను. వెనుక వైపు మసకగా, బూడిద రంగులో ఉంది, దానికి నల్లటి పొడి అంటుకుని ఉంది. అది ఊడిన చోట ఉక్కు గోధుమ రంగుకు తిరిగింది. రాగి జాడ ఎక్కడా లేదు.

ఓవర్‌రైడర్ కింద దాక్కునే చోట సన్నటి ఎమెరీ కాగితంతో ఏటవాలుగా అరగదీశాను. పొరలు ఒక్కొక్కటిగా బయటపడతాయి: ముందు నీలిగా వెంట్రుకంత గీత, తర్వాత కాస్త పసుపు కలిసిన తెలుపు, ఆ తర్వాత నేరుగా ఉక్కు. మధ్యలో రావలసిన గులాబీ పట్టీ రాలేదు. మందం కొలవడానికి అయస్కాంతపు మీటరును నమ్మలేదు. నికెల్ కూడా అయస్కాంతానికి స్పందిస్తుంది కాబట్టి ఉక్కు మీద నికెల్‌ను అది సరిగా చెప్పదు. కూలోమెట్రిక్ పద్ధతిలో, అంటే ఒక చిన్న చుక్కంత చోట పూతను విద్యుత్తుతో కరిగించి చూస్తే, బ్లేడు చివర్లలో 14 మైక్రాన్లు, నడిమధ్యలో 8, ఓవర్‌రైడర్ కూర్చునే లోతులో 3. ఎండకూ వానకూ తిరిగే కారు భాగానికి ఉక్కు మీద 30 నుంచి 40 మైక్రాన్ల నికెల్ ఉండాలన్నది పరిశ్రమలో వాడుకలో ఉన్న లెక్క.

ఇలా తక్కువైన నికెల్‌తో నష్టం ఏమిటో చెప్పాలి. జింకు పూత ఉక్కుకు బదులు తాను తుప్పు పట్టి ఉక్కును కాపాడుతుంది. నికెల్‌కు ఆ గుణం లేదు. నీటిని ఉక్కు దాకా వెళ్లనివ్వకుండా అడ్డుకోవడమే దాని పని. ఆ అడ్డులో సూది మొనంత రంధ్రం ఉన్నా, నికెల్‌కూ ఉక్కుకూ మధ్య చిన్న బ్యాటరీ తయారై ఆ ఒక్క చుక్క దగ్గర ఉక్కు మామూలు కంటే వేగంగా తినుకుపోతుంది. రంధ్రాలు ఎన్ని ఉన్నాయో చూడటానికి ఉప్పు, పొటాషియం ఫెర్రీసయనైడ్ కలిపిన నీటిలో వడపోత కాగితం తడిపి బ్లేడు మీద పరిచాను. ఇనుము తగిలిన చోటల్లా కాగితం మీద నీలి చుక్క పడుతుంది. కాసేపటికి కాగితం తీసి చూస్తే మధ్య భాగమంతా నీలి పొక్కులే.

పూత కింద ఇంకో సంగతి బయటపడింది. పాత తుప్పు గుంటలను ఎవరూ పూడ్చలేదు. మెరుగు పెట్టే బఫ్ చక్రంతో గట్టిగా రుద్ది, వాటి అంచులను ఒకవైపుకు ఈడ్చి, పైన పూత పోశారు. వెలుతురులో పక్కగా చూస్తే ప్రతి గుంటకూ తోకలా ఒక గీత. పైన పటారం, లోన లొటారం.

అసలు సమాధానం మాత్రం బ్లేడును వెనక్కి తిప్పినప్పుడు దొరికింది. వెనుక భాగమంతా వెండి రంగు పెయింటు, దాని కింద తుప్పు పొలుసులు. కింది అంచు లోపలికి మడిచిన చోట ఎన్నో ఏళ్ల మట్టి గట్టిపడి ఉంది. ముందు వైపు పెచ్చులు లేచిన గీతనూ వెనుక తుప్పు గీతనూ పక్కపక్కన కొలిస్తే రెండూ ఒకదానికొకటి సరిపోయాయి. తుప్పు ముందు నుంచి మొదలు కాలేదు. మడత లోపల పుట్టి, అంచు చుట్టూ తిరిగి వచ్చి, నికెల్‌ను కింద నుంచి ఎత్తింది. బోల్టు రంధ్రాల చుట్టూ అదే కథ. నేను చూసిన పాత బంపర్లలో ఎక్కువ భాగం ఇలాగే పోయాయి. యజమాని చూసేది ముందు వైపు, తుప్పు చూసుకునేది వెనుక వైపు.

కొత్తగా తయారు చేసి అమ్మే బంపర్ కొందామా అని ఆయన అడిగారు. కొనవచ్చు. కానీ రేకు మందం, వంపు, రంధ్రాల స్థానం పాతదానితో సరిపోతాయన్న హామీ లేదు, పూత ఎంత మందమో కొలవకుండా తెలియదు. ఈ బ్లేడు మడత దగ్గర మూడో వంతు మందం పోగొట్టుకున్నా మిగతా అంతా గట్టిగా ఉంది. బాగు చేయదగ్గదే.

పూత తీసే ముందు

సొట్టలు చూడాలంటే పాత క్రోమ్ కంటే మంచి సాధనం లేదు. అది పోయాక ఉక్కు మసకబారిపోతుంది, చిన్న సొట్టలు కంటికి దొరకవు. అందుకే ముందుగా నల్లటి అడ్డ గీతలు గీసిన తెల్ల అట్టను బ్లేడు ఎదుట పట్టి మెల్లగా జరిపాను. ప్రతిబింబంలో గీత ఎక్కడ వంగితే అక్కడ సొట్ట. పలచటి కాగితం పరిచి అన్నింటినీ అచ్చు తీసుకున్నాను, ఎందుకంటే లోహం మీద పెట్టిన గుర్తులు తొట్టిలో కరిగిపోతాయి.

తర్వాత క్రోమ్‌ను కాస్టిక్ సోడా ద్రావణంలో కరెంటు దిశ మార్చి కరిగించాను. ద్రావణం పసుపుగా మారుతుంది. అది హెక్సావలెంట్ క్రోమియం, విషం, కాలువలోకి పోకూడదు. నికెల్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లపు తొట్టిలో, అదీ కరెంటుతోనే తీశాను. ఇక్కడ ఒకే నియమం: ముక్క పూర్తిగా ఆరి ఉండాలి. నీటి తడి చేరి ఆమ్లం పలచబడితే అది నికెల్‌తో ఆగదు, ఉక్కునూ తినేస్తుంది. వెనుక తుప్పును ఇసుక రాపిడితో తీయించాను. ముందు వైపుకు అది తగలకుండా కప్పేశాను, ఎందుకంటే ఆ గరుకును మళ్లీ నునుపు చేయడానికి పోయే లోహం గుంటలు పూడ్చడానికి పోయేదానికంటే ఎక్కువ.

పూత పూర్తిగా తీయకుండా వెల్డింగ్ టార్చి ముట్టించకూడదు. క్రోమ్ మీద మంట పడితే ప్రమాదకరమైన పొగ వస్తుంది, రాగి ఉంటే అది కరిగి ఉక్కు రేణువుల మధ్యకు జొరబడి పగులు తెస్తుంది.

ఉక్కు పని

సొట్టలను లోపలి నుంచి డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించి బయట సుత్తితో కొట్టి లేపాను. బంపర్ రేకు కారు తలుపు రేకు కంటే చాలా మందం, కాబట్టి పెద్ద సొట్టకు వేడి కావాలి. మందకొడి ఎరుపు వచ్చేదాకా కాచి, తొందరపడకుండా కదిలించాలి.

గుంటలలో చాలావరకు రాగితో నిండుతాయి. కానీ లోతైనవాటిని రాగికి వదలకూడదు. నోరు ఇరుకుగా, లోపల వెడల్పుగా ఉన్న గుంటలో రాగి పెదవుల దగ్గర ముందుగా పేరుకుని, లోపల నిండకుండానే నోరు మూసుకుంటుంది. లోపల తొట్టి ద్రావణం చిక్కుకుపోతుంది. నెలలు గడిచాక అదే పొక్కుగా పైకి వస్తుంది. అందుకే ప్రతి గుంటనూ తిరుగుతూ కోసే చిన్న బర్‌తో నోరు వెడల్పు చేసి, అడుగున నల్లటి చుక్క లేకుండా మెరిసే లోహం వచ్చేదాకా తవ్వాను. భూతద్దంలో చూస్తే ఆ నల్లటి చుక్క ఎప్పుడు పోతుందో స్పష్టంగా తెలుస్తుంది. అది మిగిలితే తుప్పు మిగిలినట్టే.

మడత దగ్గర పలచబడిన చోటునూ లోతైన గుంటలనూ, తీగను చేత్తో అందించే టిగ్ వెల్డింగ్‌తో, మెత్తటి ఉక్కు తీగతో నింపాను. తీగను యంత్రమే అందించే మిగ్ వెల్డింగ్ ఇక్కడ నాకు నచ్చదు. దాని గట్టితనం చుట్టుపక్కల ఉక్కు కంటే ఎక్కువ, అరగదీస్తే వెల్డు ఉబ్బుగా, పక్కలు పల్లంగా మిగులుతాయి. సీసం టంకం కూడా వాడలేదు, ఆమ్ల రాగి తొట్టిలో దాని మీద పూత నిలవడం కష్టం. ఇక బాడీ పుట్టీ అయితే మసి పూసి మారేడుకాయ చేయడమే, కరెంటు పారని దాని మీద పూత పడనే పడదు.

అరగదీసేటప్పుడు 120 నంబరు ఎమెరీ కాగితం నుంచి మొదలుపెట్టి 180, 240, 320, 400 వరకు, ఒక్కో మెట్టుకూ దిశ మారుస్తూ వెళ్లాను. కింది మెట్టు గీతలన్నీ పోయేదాకా పై మెట్టుకు ఎక్కకూడదు. మెత్తటి బఫ్ చక్రానికి ఎక్కువ పని అప్పగించేవారంటే నాకు పడదు. బ్లేడు మధ్యలో పొడవునా గట్టులా లేచిన వంపును, అంటే గీరను, ఫ్యాక్టరీలో ఎంత పదునుగా అచ్చు వేశారో అంత పదునుగా ఉంచాలి. చక్రం దాన్ని గుండ్రంగా చేసేస్తుంది. తర్వాత ఎంత మంచి క్రోమ్ వేసినా ఆ బంపర్ కరిగిన సబ్బులా కనిపిస్తుంది. అందుకే గీర దగ్గర మాత్రం చెక్క దిమ్మకు కాగితం చుట్టి చేత్తోనే అరగదీశాను.

రాగి

ఉక్కును నేరుగా ఆమ్ల రాగి తొట్టిలో ముంచితే కరెంటు లేకుండానే రాగి అంటుకుంటుంది. ఆ రాగిని గోటితో గీకితే ఊడిపోతుంది. కాబట్టి మొదట ఒక పునాది పొర కావాలి. చాలామంది సైనైడ్ రాగి వాడతారు, అది అద్భుతంగా పనిచేస్తుంది. నా దగ్గర ఆ తొట్టి లేదు. ఒకే గదిలో ఆమ్లమూ సైనైడూ ఉంటే చిన్న పొరపాటు ప్రాణాల మీదికి వస్తుంది. నేను పలచటి నికెల్ పునాది వేస్తాను. దీని లోపం ఒకటే: నికెల్ లోతుల్లోకి, మడతల్లోకి సరిగా వెళ్లదు. వెళ్లని చోట తర్వాతి ఆమ్ల రాగి మళ్లీ ఊడిపోయే రాగిగానే పడుతుంది. ఈ బ్లేడు అసలు జబ్బే మడతలో ఉంది. అందుకని మడత పొడవునా లోపలికి అమరేలా ఒక సన్నటి నికెల్ కడ్డీని కరెంటు ప్లస్ కొసకు కలిపే సహాయక ఆనోడ్‌గా వంచి, బ్లేడుకు తగలకుండా ప్లాస్టిక్ ముక్కలతో నిలబెట్టాను. వెనుక వైపూ ఆనోడ్లు వేలాడదీశాను.

దీనికి ముందు శుభ్రత. వేడి క్షార ద్రావణంలో బ్లేడును ఆనోడ్‌గా కట్టి కరెంటు పంపితే ఉపరితలం మీద ఆక్సిజన్ బుడగలు జిడ్డునూ మసినీ ఎత్తేస్తాయి. కడిగి బయటకు తీసినప్పుడు నీరు తెరలా అర నిమిషం పాటు చెదరకుండా నిలవాలి. ఎక్కడైనా పాయలుగా విడిపోతే అక్కడ జిడ్డు ఉంది, మళ్లీ మొదటికి వెళ్లాల్సిందే. ఈ పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. అయినా ఎక్కువమంది దాటవేసేది దీన్నే.

ఆమ్ల రాగి తొట్టిలో లీటరుకు 200 గ్రాములకు పైగా కాపర్ సల్ఫేటు, 60 గ్రాముల దాకా సల్ఫ్యూరిక్ ఆమ్లం, క్లోరైడ్ కొద్దిగా. ఆనోడ్లు కొంచెం భాస్వరం కలిసిన రాగివి. చదరపు డెసిమీటరుకు 4 ఆంపియర్ల దగ్గర నిమిషానికి 0.9 మైక్రాన్ల చొప్పున రాగి పడుతుంది, అంటే 50 మైక్రాన్లకు గంట సేపు. ఒక విడత వేసి, బయటకు తీసి, 600 కాగితంతో దిమ్మ మీద అరగదీసి చూస్తే ఇంకా నిండని గుంటలు మెరిసే చుక్కలుగా తేలతాయి. అరగదీసేటప్పుడు ఎక్కడైనా ఉక్కు బూడిద రంగు బయటపడితే రాగిలోకి కాదు, మళ్లీ నికెల్ పునాది దగ్గరికే వెళ్లాలి. చుక్కలన్నీ మాయమయ్యేదాకా ఇలా తిరగాలి. మొత్తం పనిలో సమయమంతా ఇక్కడే పోతుంది.

నికెల్, క్రోమ్

నికెల్ వాట్స్ తొట్టిలో వేశాను. 1916లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఆలివర్ వాట్స్ చెప్పిన నికెల్ సల్ఫేటు, నికెల్ క్లోరైడు, బోరిక్ ఆమ్లం మేళవింపే ఈనాటికీ ప్లేటింగ్ షాపుల్లో నడుస్తోంది. రెండు పొరలుగా వేశాను: కింద గంధకం లేని అర మెరుపు నికెల్ 20 మైక్రాన్లకు పైగా, పైన మెరుపు నికెల్ 12 దాకా. పై పొరలో మెరుపు కోసం కలిపే పదార్థాల వల్ల గంధకం చేరుతుంది, దాంతో అది కింది పొర కంటే తేలిగ్గా తుప్పుకు లొంగుతుంది. రంధ్రం పడినా తుప్పు నిలువునా కిందికి దిగకుండా పై పొరలోనే అడ్డంగా పాకుతుంది. ఉక్కు దాకా చేరడానికి చాలా కాలం పడుతుంది. యజమాని కోరిన మన్నిక నిజంగా వచ్చేది ఇక్కడే.

క్రోమ్ తొట్టిలో లీటరుకు 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం, దానికి నూరో వంతు సల్ఫేటు. ఈ ఆమ్లంలో ఉన్నదీ హెక్సావలెంట్ క్రోమియమే. దానికి బదులు వాడే ట్రైవాలెంట్ క్రోమ్ తక్కువ హానికరం, ఇప్పుడు చాలాచోట్ల దాని వైపే మొగ్గు. యూరోపియన్ యూనియన్‌లో 2017 సెప్టెంబరు నుంచి క్రోమిక్ ఆమ్లం వాడాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి. ట్రైవాలెంట్ ఛాయ పాత క్రోమ్ కంటే కాస్త ముదురుగా కనిపిస్తుంది. ఈ కారుకు హెడ్‌లైట్ రింగులు పాతవే ఉన్నాయి, పక్కపక్కన తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందువల్ల పాత పద్ధతే ఎంచుకున్నాను.

క్రోమ్ మొండిది. ఇచ్చిన కరెంటులో ఎనభై శాతానికి పైగా హైడ్రోజన్ బుడగలుగా పోతుంది, లోతుల్లోకి అసలు వెళ్లదు, అంచుల మీద మాత్రం మాడి బూడిద రంగు తెస్తుంది. చదరపు డెసిమీటరుకు 15 ఆంపియర్లంటే ఈ బ్లేడుకు 400 ఆంపియర్లు దాటుతాయి. కొక్కెం సన్నగా ఉంటే అదే వేడెక్కి మధ్యలో కరెంటు తెగుతుంది. తెగితే మళ్లీ కలిపినా పొర పాలలా మసకబారుతుంది. కనుక మందపాటి రాగి కొక్కేలు, బోల్టు రంధ్రాల్లోంచి రెండు చోట్ల బిగించాను. అసలు బ్లేడు వేసే ముందు అదే వంపు ఉన్న ఒక తుక్కు బ్లేడుకు నికెల్ వేసి, దాన్ని దించి ఆనోడ్ల దూరం సరిచూశాను. ఓవర్‌రైడర్ కూర్చునే పల్లంలో క్రోమ్ పడలేదు. తెల్ల కాగితం పక్కన పెట్టి చూస్తే అక్కడ నికెల్ పసుపు ఛాయ తెలిసింది. పల్లం ఎదుట సీసపు సహాయక ఆనోడ్, చివర్ల దగ్గర కరెంటును తన మీదికి లాక్కునే తీగ అమర్చాక సరిపోయింది. తర్వాత అసలు బ్లేడు దించాను. రెండు మూడు నిమిషాల పని.

గొట్టాలతో వేరే తలనొప్పి ఉంది. బోలుగా ఉంటాయి కాబట్టి ప్రతి తొట్టి నుంచీ కొంత ద్రావణం లోపల మోసుకొస్తాయి. కింది వైపు కనిపించని చోట సన్నటి రంధ్రాలు చేశాను. చివరి కడుగులో సోడియం మెటాబైసల్ఫైటు ద్రావణాన్ని లోపలికి పంపితే మొదట పసుపుగా వచ్చిన నీరు ఆకుపచ్చకు తిరిగింది. అంటే విషపు క్రోమియం తక్కువ హాని చేసే రూపానికి మారింది. నీరు తేటగా వచ్చేదాకా కడిగి, వేడి గాలితో ఆరబెట్టి, లోపల మైనం పోశాను. ఆ నీళ్లూ, కడుగు తొట్ల నీళ్లూ అన్నీ ఆమ్ల స్థితిలో శుద్ధి చేసి, తర్వాత సున్నంతో అడుగుకు దింపి, మడ్డిని వేరుగా అప్పగించాలి. ఇంటి పెరట్లో క్రోమ్ తొట్టి పెట్టుకోవచ్చా అని అడిగేవారికి నా జవాబు ఎప్పుడూ ఒకటే: వద్దు.

వెనుక వైపు

పలచటి నికెల్ ఒక్కటే వెనుక వదిలేస్తే పైన చెప్పిన బ్యాటరీ మళ్లీ మొదలవుతుంది. వెనుక నికెల్ 10 మైక్రాన్ల దగ్గర పడింది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది, రెండు భాగాల ఎపాక్సీ ప్రైమరు, దాని మీద బూడిద రంగు పెయింటు వేశాను. మడత లోపలికి బ్రష్ వెళ్లదు కాబట్టి ప్రైమరును లోపల పోసి బ్లేడును అటూ ఇటూ వంచి పారించాను. పెయింటు గట్టిపడ్డాక అదే దారిలో మైనం. మడత కింది వైపు నీరు కారడానికి ఉన్న సందులను మూసుకుపోకుండా చూశాను. ఓవర్‌రైడర్‌కూ బ్లేడుకూ మధ్య కొత్త రబ్బరు పట్టీలు, బోల్టు తలల కింద నైలాన్ వాషర్లు పెట్టాను.

అప్పగించే ముందు మళ్లీ కొలిచాను. నికెల్ మధ్య భాగంలో 33 మైక్రాన్లు, చివర్లలో 45, ఓవర్‌రైడర్ కింది పల్లంలో 19. వడపోత కాగితం మీద నీలి చుక్క ఒక్కటీ రాలేదు. పల్లంలో 19 నాకు తృప్తినివ్వలేదు. అక్కడ ఇంకా పెంచాలంటే మొత్తం బ్లేడును తొట్టిలో ఎక్కువ సేపు ఉంచాలి. అప్పుడు చివర్ల దగ్గర నికెల్ మందమెక్కి గీర పదును పోతుంది. పదును ఉంచి పల్లాన్ని రబ్బరు పట్టీకి, మైనానికి అప్పగించాను. యజమానికి కొలతల కాగితం ఇచ్చి ఆ చోటును వేలితో చూపించాను. ఏడాదికి ఒకసారి ఓవర్‌రైడర్లు విప్పి, పట్టీ కింద తుడిచి, మైనం మళ్లీ రాయమన్నాను. చుక్క అంటూ పడితే ముందు అక్కడే పడుతుంది. అది గోధుమ రంగు మచ్చగా ఉన్నప్పుడే తీసుకొస్తే బ్లేడు మొత్తం ఊడదీయకుండా ఆ పల్లం వరకే బాగు చేయవచ్చు.